మిగిలిన పన్ను విలువ

(డాక్టర్ ఆర్. అహ్మద్ జయంతి నాడు దంతవైద్యులు, విద్యార్థులు, పట్టణ ప్రజలు కలిసి జరుపుకున్న సభలో చేసిన స్మారకోపన్యాసం పాఠం)



డాక్టర్ రఫీయుద్దీన్ అహ్మద్ 1890 డిసెంబర్ 24న తూర్పు బెంగాల్‌లో పుట్టారు. అమెరికాలోని అయోవా విశ్వవిద్యాలయంలో దంతవైద్యం చదివి 1915లో పట్టా అందుకున్నారు. బోస్టన్‌లో పిల్లల పళ్ల కోసమే వెలసిన ఫోర్సైత్ వైద్యశాలలో కొంతకాలం పనిచేసి, 1919లో కలకత్తా వచ్చేశారు. మరుసటి ఏడాదే దేశంలో తొలి దంతవైద్య కళాశాల తెరిచారు.  ఆయనే నడిపిన 'న్యూయార్క్ సోడా ఫౌంటెన్' అనే ఐస్‌క్రీమ్ దుకాణం రాబడి కళాశాలను నిలబెట్టింది. పళ్లను పాడుచేసే తీపి సరుకే పళ్లను బాగుచేసే చదువుకు ఫీజు కట్టిందన్నమాట. తర్వాత 1939లో బెంగాల్‌కు, 1948లో దేశమంతటికీ దంతవైద్యుల చట్టాలు రావడం వెనక ఆయన కృషి ఉంది. 1949లో కళాశాలను పశ్చిమ బెంగాల్ ప్రభుత్వానికి అప్పగించారు. 1964లో పద్మభూషణ్ అందుకుని, మరుసటి ఏడాది కన్నుమూశారు.

ఆయన జీవితంలో నేను ఇవాళ పట్టుకుంటున్న కొస ఇంకొకటి. 1928లో ఆయన విద్యార్థుల కోసం ఒక చేతిపుస్తకం రాశారు. దాని విషయం ఆపరేటివ్ డెంటిస్ట్రీ. అంటే పుచ్చిన పన్నును పీకెయ్యకుండా నోట్లోనే నిలబెట్టి పని చేయించే విద్య. పళ్ల వైద్యమంటే పీకడమేనని జనం అనుకునే రోజుల్లో ఆయన నిలబెట్టడం గురించి రాశారు. ఆ పుస్తకం తర్వాత దాదాపు ఈ నూరేళ్లలో మా సరుకు మారింది, మర మారింది, మత్తు మందు మారింది. ఈ మార్పులన్నీ ఒకే దిక్కుకు నడిచాయి: పన్నులో తియ్యడం తగ్గిస్తూ రావడం. వెండి, సిమెంటు, పింగాణీ, జిర్కోనియా ఏది పెట్టినా, దాన్ని మోసేది మిగిలిన సొంత పన్నే. అది ఎంత మిగిలితే మా పని అంతకాలం నిలుస్తుంది. ఈ ఒక్క మాట రుజువు చెయ్యడానికే ఇవాళ నిలబడ్డాను.

పుచ్చు ఎలా మొదలవుతుంది

మన ఊళ్లలో ఇప్పటికీ "పన్నుకు పురుగు పట్టింది" అంటారు. నేలవాకుడు గింజలు నిప్పుల మీద వేసి, ఆ పొగ నోటికి పట్టించే వైద్యం చూసిన పెద్దలు ఈ సభలోనూ ఉండవచ్చు. పంటి పురుగు నమ్మకం ప్రాచీన బాబిలోనియా నుంచి ఐరోపా దాకా అంతటా ఉండేది. 1728లో పారిస్‌లో పియరె ఫోషార్ తన పెద్ద గ్రంథంలో దాన్ని తోసిపుచ్చాడు. అసలు కారణం తేలడానికి మరో నూట అరవై ఏళ్లు పట్టింది. అహ్మద్ పుట్టిన 1890లోనే, బెర్లిన్‌లో పనిచేస్తున్న అమెరికన్ దంతవైద్యుడు విల్లోబీ మిల్లర్ నోటి సూక్ష్మజీవుల మీద పుస్తకం అచ్చు వేశాడు. మనం తిన్న పిండి, చక్కెరలను పంటి మీద పాచిలోని బ్యాక్టీరియా పులియబెట్టి ఆమ్లం చేస్తుంది, ఆ ఆమ్లం పన్నును కరిగిస్తుంది అని ఆయన తేల్చాడు. ఇవాళ్టికీ పునాది అదే.

పన్ను పైపొర ఎనామెల్. బరువులో 96 శాతం ఖనిజమే. మన ఒంట్లో ఇంతకన్నా గట్టి పదార్థం లేదు. అయినా పాచిలో పీహెచ్ దాదాపు 5.5 కన్నా కిందికి దిగితే అందులోంచి కాల్షియం, ఫాస్ఫేట్ బయటికి పోవడం మొదలవుతుంది. తీపి నోట్లో పడ్డ కొద్ది నిమిషాల్లోనే పీహెచ్ అలా పడిపోతుంది. మళ్లీ మామూలు స్థితికి రావడానికి అరగంటో గంటో పడుతుంది. ఆ తర్వాత మళ్లీ తినేదాకా ఉన్న విరామంలో లాలాజలం పోయిన ఖనిజాన్ని తిరిగి అతికిస్తుంది. ఫ్లోరైడ్ తోడుంటే ఆ అతుకు మునుపటికన్నా గట్టిగా ఉంటుంది. అందుకే ఎంత చక్కెర తిన్నారన్నదానికన్నా ఎన్నిసార్లు తిన్నారన్నది ముఖ్యం. పండగ నాడు భోజనంతో పాటు నాలుగు బొబ్బట్లు తిన్నవారికన్నా, దుకాణంలో కూర్చుని గంటకోసారి తీపి చాయ్ చప్పరించేవారి పళ్లకు ముప్పు ఎక్కువ.

కరగడం మొదలైన చోట ముందు కనిపించేది సున్నం పూసినట్టుండే తెల్ల మచ్చ. ఆ దశలో గుంత ఉండదు, నొప్పి ఉండదు. ఆహారం సరిచేసుకుని, ఫ్లోరైడ్ పేస్టుతో రెండు పూటలా తోముకుంటే రోగం అక్కడే ఆగుతుంది. పైపొర కూలి గుంత పడితే మాత్రం అది తిరిగి పూడదు. ఎముక విరిగితే లోపలి కణాలు దాన్ని అతుకుతాయి. తయారైపోయిన ఎనామెల్‌లో కణాలే లేవు. దాని కింద డెంటిన్, డెంటిన్ లోపల రక్తనాళాలు, నరాలు ఉన్న పల్ప్. పుచ్చు డెంటిన్ చేరాక తీపికి, చల్లటి నీళ్లకు జివ్వుమంటుంది. పల్ప్ దాకా వెళితే రాత్రి పడుకున్నాక పోటు మొదలవుతుంది. మన దగ్గరకు ఎక్కువమంది వచ్చేది ఈ ఆఖరి దశలోనే. "నొప్పి లేదు కదా అని ఊరుకున్నాను డాక్టర్ గారూ" అనే మాట వినని దంతవైద్యుడు ఉండడు.

తొలిచిన కాలం

పన్ను తొలవడం కొత్త విద్యేమీ కాదు. బలూచిస్తాన్‌లోని మెహర్‌గఢ్ శ్మశానంలో తొమ్మిదిమంది పెద్దల దవడ పళ్లలో చెకుముకి రాతి మొనతో తొలిచిన రంధ్రాలు దొరికాయి. వాటి వయసు 7500 నుంచి 9000 ఏళ్లు. తొలిచాక కూడా వాళ్లు బతికి ఆ పళ్లతో నమిలారని అంచుల అరుగుదల చెబుతోంది. పూసలకు బెజ్జాలు వేసే పనితనమే నోటి దాకా వచ్చిందని పరిశోధకుల అభిప్రాయం.

ఆధునిక కాలంలో ఈ పనికి శాస్త్రం రాసినవాడు అమెరికాలోని ఇల్లినాయ్ రాష్ట్రానికి చెందిన జి.వి. బ్లాక్. గుంతలను అవి పడ్డ చోటును బట్టి వర్గాలుగా విడదీశాడు. 1908లో అచ్చయిన ఆయన గ్రంథం తరతరాల విద్యార్థులకు పాఠ్యపుస్తకం. మన కళాశాలల్లో ఇవాళ్టికీ మొదట నేర్పేది ఆయన వర్గీకరణే. ఆయన సూత్రం ఒకటి మా వృత్తిని అరవై ఏళ్లు ఏలింది. పుచ్చిన భాగంతో ఆగకుండా, పుచ్చే అవకాశం ఉన్న పక్క గాళ్లను కూడా ముందే తొలిచి ఫిల్లింగ్ కింద చేర్చెయ్యాలన్నది ఆ సూత్రం.

ఈనాటి విద్యార్థి ఇది విని నవ్వుకోవచ్చు. నవ్వే ముందు బ్లాక్ చేతిలో ఏముందో చూడాలి. ఫ్లోరైడ్ పేస్టు లేదు. పన్నుకు అంటుకునే పదార్థం ఏదీ లేదు. ఆయన వాడిన అమాల్గం పాదరసంలో వెండి, తగరం, రాగి కలిసిన మిశ్రమం. దాని బరువులో దాదాపు సగం పాదరసమే. మెత్తగా ఉన్నప్పుడు గుంతలో కూరి నొక్కితే గట్టిపడుతుంది, పన్నును మాత్రం పట్టుకోదు. అది ఊడిపోకుండా ఉండాలంటే గుంత అడుగు చదునుగా, లోపల వెడల్పుగా, మూతి ఇరుకుగా తొలవాలి. పలచగా ఉంటే పగులుతుంది కాబట్టి లోతు కూడా కావాలి. ఈ షరతుల్లో ఎక్కువ భాగం రోగం కోసం పెట్టినవి కావు, సరుకు కోసం పెట్టినవి. అమాల్గం నిలవడానికి మంచి పన్ను బలైంది.

ఇక అమాల్గం భద్రత గురించి. ఈ తగువు 1840ల నుంచి ఉంది. అమెరికాలో దంతవైద్యుల తొలి సంఘం ఈ గొడవతోనే చీలి, చివరికి మూతపడింది. మామూలు మనిషి నోట్లో ఉన్న వెండి ఫిల్లింగ్ ఆరోగ్యాన్ని చెడగొడుతుందని ఇన్నేళ్ల పరిశోధన రుజువు చెయ్యలేదు. అసలు చిక్కు క్లినిక్కుల నుంచి కాలవల్లోకి, గాలిలోకి పోయే పాదరసంతో. అందుకే 2013లో కుదిరిన మినమాటా ఒప్పందం దాని వాడకాన్ని తగ్గించమంది. ఐరోపా సమాఖ్య 2018లో పదిహేనేళ్లలోపు పిల్లలకు, గర్భిణులకు, పాలిచ్చే తల్లులకు వాడొద్దంది. 2025 జనవరి 1 నుంచి దాదాపు అందరికీ ఆపేసింది. అమాల్గం వెళ్లిపోతోంది, వెళ్లనివ్వండి. పాతికేళ్ల నాడు పెట్టించుకున్న వెండి ఫిల్లింగ్ చెక్కుచెదరకుండా ఉంటే మాత్రం, భయంతోనో అందం కోసమో దాన్ని తవ్వించుకోకండి. తవ్విన ప్రతిసారీ దానితోపాటు చుట్టూ ఉన్న పన్ను కొంత పోతుంది. చిన్న ఫిల్లింగ్ పెద్దదవుతుంది, పెద్దది క్యాప్ అవుతుంది, క్యాప్ కింద మళ్లీ పుచ్చుతుంది, చివరికి పీకాల్సి వస్తుంది. మా వృత్తిలో చాలా పళ్లు నడిచే దారి ఇది.

అతికించే కాలం

ఈ దారి మళ్లడానికి కారణం రంగుల పరిశ్రమ. లోహానికి రంగు బాగా పట్టడానికి ముందుగా ఫాస్ఫారిక్ ఆమ్లంతో తుడుస్తారు. అమెరికాలోని రోచెస్టర్‌లో పనిచేస్తున్న మైకేల్ బునకోర్ అదే ఆమ్లాన్ని ఎనామెల్ మీద అరనిమిషం ఉంచి కడిగి చూశాడు. నున్నటి ఉపరితలంలో కంటికి కనిపించని గరుకుదనం వచ్చింది. దాని మీద పోసిన రెజిన్ ఆ సందుల్లోకి దిగి పట్టుకుంది. ఇది 1955 నాటి మాట. కొన్నేళ్లకే రఫేల్ బోవెన్ గాజు రేణువులు కలిపిన గట్టి రెజిన్ తయారుచేశాడు. మీరు 'రంగు ఫిల్లింగ్', 'తెల్ల సిమెంటు' అని పిలిచే కాంపోజిట్ ఆ వంశంలోదే.

ఇది వచ్చాక గుంత ఆకారాన్ని సరుకు శాసించడం పోయింది. పుచ్చినంత మేర తీసి, ఆమ్లం రాసి, కడిగి, బాండింగ్ ద్రవం పూసి, కాంపోజిట్‌ను రెండేసి మిల్లీమీటర్ల పొరలుగా పెట్టి, ఒక్కో పొరనూ నీలి కాంతితో గట్టిపరుస్తాం. పన్ను తొలిచే మర ఎయిరోటర్ కూడా ఆ కాలంలో వచ్చిందే. 1957లో వచ్చిన ఈ గాలి చక్రం నిమిషానికి మూడు లక్షల సార్లు తిరుగుతుంది. అంతకుముందున్న నెమ్మది డ్రిల్లులతో పోలిస్తే ఎంతో సులువు. అయితే వేగం రెండంచుల కత్తి. క్షణం ఏమరిస్తే మంచి ఎనామెల్ కూడా నీళ్లతో కలిసి గొట్టంలోకి పోతుంది.

కాంపోజిట్‌కు శత్రువు తడి. లాలాజలం తగిలితే బంధం చెడుతుంది. గట్టిపడేటప్పుడు అది కొద్దిగా ముడుచుకుంటుంది కూడా. పొరలు సరిగా పెట్టకపోతే అంచున సందు ఏర్పడి, అక్కడే మళ్లీ పుచ్చు మొదలవుతుంది. అందుకే పంటి చుట్టూ పలచటి రబ్బరు షీటు బిగించి, ఆ ఒక్క పన్నునే బయటికి తెచ్చి పని చెయ్యాలి. దాని పేరు రబ్బర్ డ్యామ్. 1864లోనే సాన్‌ఫర్డ్ బార్నం కనిపెట్టాడు. మీ డాక్టరు ఆ షీటు బిగిస్తే "ఊపిరాడదేమో" అని వద్దనకండి. మీ ఫిల్లింగ్ ఆయుష్షు అందులో ఉంది.

1972లో లండన్ నుంచి మరో సరుకు వచ్చింది. అలన్ విల్సన్, బ్రయన్ కెంట్ చేసిన గ్లాస్ అయనోమర్ సిమెంటు పన్నుకు రసాయనికంగా అంటుకుంటుంది, కొద్దికొద్దిగా ఫ్లోరైడ్ వదులుతుంది. కాంపోజిట్ అంత గట్టిది కాదు, నమిలే చోట త్వరగా అరుగుతుంది. చిగురు పక్కన గాళ్లకు, పాలపళ్లకు, తడి ఆపలేని నోళ్లకు మాత్రం ఎంతో మేలు చేసింది. ఇక లోపల జివ్వుమంటున్న పన్నుకు తాత్కాలికంగా పెట్టే జింక్ ఆక్సైడ్ సిమెంటులో కలిపేది యూజినాల్. మన వంటింటి లవంగ నూనెలో ముఖ్య పదార్థం అదే. అమ్మమ్మ లవంగం పెట్టుకోమన్నది ఊరికే కాదు. నొప్పి తగ్గించినంత మాత్రాన రోగం ఆగదన్నది మాత్రం గుర్తుంచుకోవాలి.

నరం దాకా వెళ్లినప్పుడు

పల్ప్ వాచినప్పుడు మొదట అడగాల్సింది: అది కోలుకుంటుందా, కోలుకోదా? చల్లటి నీళ్లకు జివ్వుమని వెంటనే తగ్గిపోతే తరచుగా కోలుకుంటుంది. దానంతటదే పోటు పెట్టి గంటలకొద్దీ ఉంటే చాలా వరకు చేయి దాటినట్టు. ఈ గీత గీయడంలో కూడా ఈమధ్య మార్పు వచ్చింది. పుచ్చు లోతుగా ఉన్నప్పుడు, మెత్తబడ్డ ఆఖరి పొర దాకా గీకి పల్ప్‌ను బయటపెట్టాలని మాకు నేర్పారు. ఇప్పుడు అంచులు శుభ్రంగా తీసి, పల్ప్ మీద ఉన్న పలచటి పొరను వదిలేసి, పైన గట్టిగా సీలు చేయమంటున్నారు. అమెరికాలోని జార్జియాలో మెర్ట్జ్-ఫెయిర్‌హర్స్ట్ బృందం 1998లో పదేళ్ల ఫలితాలు ప్రచురించింది. పుచ్చిన డెంటిన్ మీదే గాలి, తిండి చొరబడకుండా కాంపోజిట్ వేసి మూసిన పళ్లలో పుచ్చు ముందుకు సాగలేదు. తిండి అందని బ్యాక్టీరియా ఆమ్లం చెయ్యలేదు. పల్ప్ బయటపడ్డా 1990ల నుంచి ఎంటీఏ అనే సిమెంటుంది. ఇళ్లు కట్టే పోర్ట్‌లాండ్ సిమెంటుకు దగ్గరి రసాయనం. దాన్ని పెడితే పల్ప్ తానే కొత్త గోడ కట్టుకునే అవకాశముంది.

అవేవీ కుదరనప్పుడే రూట్ కెనాల్. "నరం తీసేశారు" అని మీరు చెప్పుకునేది ఇదే. పంటి మీద చిన్న ద్వారం తెరిచి, వేళ్లలోని కాలవలను సన్నటి ఫైళ్లతో వెడల్పు చేసి, సోడియం హైపోక్లోరైట్ ద్రావణంతో పదేపదే కడిగి, చివరికి గట్టా పర్చాతో నింపుతాం. మలయా ప్రాంతపు చెట్ల పాల నుంచి వచ్చే ఈ పదార్థాన్ని 1867లో ఈ పనికి మొదట వాడారు. ఇప్పటికీ దానికి సాటైనది దొరకలేదు. 1943లో స్వీడన్‌లో లోఫ్‌గ్రెన్ తయారుచేసిన లిగ్నోకెయిన్ సూది పుణ్యమా అని ఈ పని నొప్పి లేకుండా జరుగుతోంది. వంకర కాలవల్లోనూ వంగే నికెల్-టైటానియం ఫైళ్లు 1988 తర్వాత వచ్చాయి. పని కష్టమల్లా కాలవలను వెతకడంలో ఉంది. పై దవడ మొదటి పెద్ద పన్నుకు మూడు వేళ్లున్నా, నాలుగో కాలవ చాలాసార్లు దాగి ఉంటుంది. అది దొరకకపోతే నొప్పి తిరిగి వస్తుంది.

రూట్ కెనాల్ చేసిన పన్ను ఒంటికి విషమన్న ప్రచారం ఫోన్లలో తిరుగుతోంది. దాని వయసు నూరేళ్లు పైనే. 1910లో మాంట్రియల్‌లో విలియం హంటర్ అనే వైద్యుడు, కుళ్లిన వేళ్ల మీద బిగించిన బంగారు క్యాపులే అనేక రోగాలకు మూలమని ఉపన్యసించాడు. ఆ తర్వాత రెండు మూడు దశాబ్దాలు లక్షణంగా ఉన్న పళ్లను కూడా పీకేశారు. రోగాలు అలాగే ఉన్నాయి, పళ్లే పోయాయి. శాస్త్రం ఆ వాదాన్ని విడిచిపెట్టింది.

క్యాప్ ఎప్పుడు, ఎంత

రూట్ కెనాల్ చేశాక పన్ను ఎండిపోయి పెళుసవుతుందని చాలామంది అనుకుంటారు. 1989లో రీ, మెసర్, డగ్లస్ పీకిన చిన్న దవడ పళ్ల మీద బిగువు కొలిచారు. రూట్ కెనాల్ ద్వారం తెరిచినందుకు తగ్గిన బిగువు 5 శాతం. నమిలే వైపు గుంత తొలిస్తే 20 శాతం. ముందు వెనక గట్లు రెండూ పోయేలా అడ్డంగా తొలిస్తే ఏకంగా 63 శాతం. ఆ రెండు గట్లు బండి చక్రానికి ఇనప పట్టా లాంటివి. పట్టా ఊడితే ఆకులు విచ్చుకుంటాయి. పన్నును బలహీనం చేసింది రూట్ కెనాల్ కాదు, అంతకుముందు పుచ్చు తిన్నది, మేము తొలిచింది.

కాబట్టి దవడ పన్నుకు రూట్ కెనాల్ అయ్యాక మొనలను కప్పి పట్టుకునే క్యాప్ చాలాసార్లు అవసరం. ముందు పన్నులో చిన్న ద్వారమే తెరిచి, మిగతాదంతా నిండుగా ఉంటే క్యాప్ అక్కరలేదు, కాంపోజిట్ చాలు. క్యాప్ కోసం చుట్టూ చెక్కితే చిగురు పైన కనిపించే పన్నులో దాదాపు మూడింట రెండొంతులు పోతుంది. మొనలు మాత్రమే కప్పే ఆన్‌లే అయితే అందులో చాలా భాగం దక్కుతుంది. లోహం మీద పింగాణీ, పూర్తి జిర్కోనియా, ఏది ఎంచుకున్నా, క్యాప్ అంచు కింద చుట్టూ ఒకటిన్నర నుంచి రెండు మిల్లీమీటర్ల సొంత పన్ను ఉంటేనే అది నిలుస్తుంది. "ఎన్నేళ్ల గ్యారంటీ క్యాప్?" అని అడుగుతుంటారు. "దాని కింద నా పన్ను ఎంత ఉంది?" అని కూడా అడగండి.

తొలవని వైద్యం

ఇప్పుడు తియ్యడం తగ్గించే ఈ దిక్కున అందరికన్నా ముందుకు నడిచినవారి సంగతి. 1980లలో టాంజానియాలో కరెంటు లేని పల్లెల్లో చేతి పనిముట్లతో పుచ్చును గీకి, గ్లాస్ అయనోమర్ వేలితో నొక్కి మూసే పద్ధతి మొదలైంది. 1994లో ప్రపంచ ఆరోగ్య సంస్థ దాన్ని ప్రచారానికి తీసుకుంది. స్కాట్‌లాండ్‌లో నార్నా హాల్ అనే దంతవైద్యురాలు పిల్లల పుచ్చు దవడ పళ్లను తొలవకుండా, సూది ఇవ్వకుండా, స్టీలు క్యాపు తొడిగేది. పరీక్షలు జరిపి చూస్తే ఫలితాలు మామూలు ఫిల్లింగుల కన్నా మెరుగ్గా వచ్చాయి. జపాన్‌లో దశాబ్దాలుగా వాడుతున్న 38 శాతం సిల్వర్ డయమిన్ ఫ్లోరైడ్ చుక్కను పుచ్చు మీద రాస్తే చాలాసార్లు అది ఆగిపోతుంది. ఆ చోటు నల్లబడుతుంది, అదే పెద్ద లోపం. కూర్చోలేని వృద్ధులకు, ఏడ్చే పసివాళ్లకు అది వరం. 2021లో ప్రపంచ ఆరోగ్య సంస్థ అత్యావశ్యక ఔషధాల జాబితాలో ఫ్లోరైడ్ పేస్టుతో పాటు ఇదీ, గ్లాస్ అయనోమర్ కూడా చేరాయి.

అన్నిటికన్నా తక్కువ పని సీలెంట్. ఆరేళ్ల వయసులో పాలపళ్ల వెనక నాలుగు మూలలా నాలుగు పెద్ద పళ్లు వస్తాయి. ఏ పాలపన్నూ ఊడకుండా వస్తాయి కాబట్టి తల్లిదండ్రులు వాటిని కూడా పాలపళ్లనే అనుకుంటారు. "ఊడిపోయేదే కదా" అని వదిలేస్తారు. అవి జీవితాంతం ఉండాల్సినవి. వాటి లోతైన గాళ్లలో బ్రష్ పోచ దూరదు. వచ్చిన కొత్తల్లోనే ఆ గాళ్లను పలచటి రెజిన్‌తో మూసేస్తే పుచ్చు చాలా వరకు దరిచేరదు. బ్లాక్ ముందే తొలిచి కాపాడాలనుకున్న గాళ్లు ఇవే. ఇప్పుడు ఒక్క గీత గీయకుండా కాపాడుతున్నాం.

మన నేల మీద

తెలుగు నేలకు దంతవైద్యంలో ఒక ప్రత్యేక చరిత్ర ఉంది. దేశంలో ఫ్లోరోసిస్‌ను తొలిసారి వైద్య పత్రికల్లో నమోదు చేసింది 1937లో, నాటి మద్రాసు రాజధానిలోని నెల్లూరు ప్రాంతం నుంచి. నల్లగొండ పేరు నీటిలో ఫ్లోరైడ్ తీసే పద్ధతికే పేరైంది. ఆ ప్రాంతాల పళ్ల మీద గోధుమ మచ్చలు చూసి అవి పుచ్చు అనుకుని తొలవడం అన్యాయం. అలాంటి ఎనామెల్ పైపొర ఆమ్లానికి తొందరగా లొంగదు. బాండింగ్‌కు ముందు ఎక్కువ సేపు ఆమ్లం ఉంచడమో, పైపొరను కొద్దిగా గరుకు చెయ్యడమో కావాలి. ఇతర దేశాల పుస్తకాల్లోని సెకన్లు కనిగిరి, మునుగోడు పళ్లకు ఉన్నవున్నట్టు సరిపోవు. ఈ ప్రాంతాల్లో పసివాళ్లకు పేస్టు కూడా కొలతతో పెట్టాలి: మూడేళ్లలోపు బియ్యపు గింజంత, ఆ తర్వాత బఠానీ గింజంత. తల్లి దగ్గరుండి ఉమ్మించాలి. నీటి ఫ్లోరైడ్ తెలిసిన స్థానిక వైద్యుణ్ని అడిగి చేస్తే మరీ మంచిది.

ఇంకొక చిక్కు డబ్బు. "పీకెయ్యండి సార్, గొడవ వదిలిపోతుంది" అనేవారిని నేను తప్పుపట్టను. కూలి రోజు పోతుంది, రూట్ కెనాల్, క్యాప్ కలిపితే నెల జీతం పోతుంది. కానీ పీకిన చోట పక్క పళ్లు ఒరుగుతాయి, ఎదురు పన్ను కిందికి దిగుతుంది, నమలడం ఒక్క దవడ మీద పడుతుంది. లెక్క అక్కడ తేలదు. 2022లో ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పిన ప్రకారం శాశ్వత దంతాల్లో పుచ్చు ఉన్నవాళ్లు ప్రపంచంలో దాదాపు 200 కోట్లమంది. వీళ్లందరికీ క్యాపులు తొడిగే డాక్టర్లు, డబ్బు ఏ దేశానికీ లేవు. గాళ్లు మూసే సీలెంట్, చుక్క మందు, సిమెంటు మాత్రం ఏ మండల ఆసుపత్రిలోనైనా పెట్టగలం. బడి పిల్లల ఆరోగ్య పరీక్షల్లో కన్ను, చెవితో పాటు ఆరేళ్ల పన్ను కూడా చూడాలని, చూసిన రోజే సీలెంట్ వెయ్యాలని ఈ సభ ద్వారా ప్రభుత్వాలను కోరుతున్నాను.

మా వృత్తిని కూడా ఒకటి కోరతాను. మా ఫీజుల పట్టికలో తీసిన పనికి ధర ఉంది: ఫిల్లింగ్‌కు ఇంత, క్యాప్‌కు ఇంత. తియ్యకుండా కాపాడిన పనికి ధర లేదు. తెల్ల మచ్చను ఆరు నెలలు గమనించి, తీపి మాన్పించి, పుచ్చును ఆపిన డాక్టరు జేబులో ఏమీ పడదు. పక్క గదిలో అదే పన్నును తొలిచిన డాక్టరుకు డబ్బు వస్తుంది. ఈ పద్ధతి మారనిదే విద్యార్థికి నీతులు చెప్పి లాభం లేదు. కన్సల్టేషన్ ఫీజు అడగడానికి డాక్టర్లు సిగ్గుపడకూడదు. ఇవ్వడానికి జనమూ వెనకాడకూడదు. మీరు డబ్బిచ్చి కొనుక్కుంటున్నది మీ సొంత పన్నునే.

విద్యార్థులారా, మీ కేస్ షీట్‌లో ఏ పన్ను, ఏ గుంత, ఏ సరుకు అని గడులుంటాయి. రేపటి నుంచి పక్కన ఇంకో గడి గీసుకోండి: "పని అయ్యాక ఎంత పన్ను మిగిలింది?" రోజూ ఆ గడి నింపండి. ఏడాది తిరిగేసరికి మీ చేతి పనితనం మీకే అందులో తెలుస్తుంది. 1928లో అహ్మద్ గారు మీలాంటి వాళ్ల కోసమే చేతిపుస్తకం రాశారు. ఇవాళ అందులో కొత్త అధ్యాయం చేర్చాలంటే, అది ఆ గడిని ఎలా నింపాలన్నదే.